టేపు అయిపోయిన చోటే ఆగిపోయిన హోటల్ కాలిఫోర్నియా

అమెరికా బ్యాండు ఈగిల్స్ వాళ్ళ హోటల్ కాలిఫోర్నియా పాట నాకు తెలిసినంతలో 4 నిమిషాల 20 సెకన్లే. అసలుది ఆరున్నర నిమిషాలని లోకం మొత్తానికి తెలుసు గానీ నాకూ మా రూమ్ వాళ్ళకీ కొన్ని నెలలపాటు తెలీదు. మా క్యాసెట్ లో చివరి లైను అవగానే, అంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీ చేసుకోవచ్చు గానీ నువ్వెప్పటికీ వెళ్ళలేవు అని కాపలావాడు చెప్పే ఆ లైను అవగానే, డ్రమ్ము మీద రెండు దెబ్బలు పడేవి, వెంటనే టేప్ రికార్డర్ బటన్ 'టక్' మని పైకి లేచేది. అంతే. ఆ తర్వాత ఫ్యాను శబ్దం. అబ్బ ఏం ముగింపురా బాబూ అని మేం నలుగురం ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళం, ఆ టక్ కూడా పాటలో భాగమేమో అన్నంతగా.

1996 చివర్లో మాట ఇది. వైజాగ్ లో ఇంజనీరింగ్ సెకండియర్, ఎంవీపీ కాలనీలో ఒక ఇంటి డాబా మీద వేసిన ఒంటి గది, నలుగురం. ఒకరి అసలు పేర్లు ఒకరం ఎప్పుడూ వాడుకోలేదు, ఊళ్ళ పేర్లే. తుని, సాలూరు, నేను చోడవరం, నాలుగోవాడు మాత్రం డాక్టర్, ఎందుకంటే వాడొక్కడే మాతో కాకుండా మెడిసిన్ చదివేవాడు, అద్దె పంచుకోడానికి మాలో కలిశాడు. తుని వాళ్ళ అన్నయ్య బెంగుళూరులో సాఫ్ట్‌వేర్. ఆయన సెలవులకి వచ్చినప్పుడల్లా ఇంగ్లీష్ పాటల పేర్లు ఒక కాగితం మీద రాసిచ్చి వెళ్ళేవాడు, మేం ఆ కాగితం పట్టుకుని జగదాంబ సెంటర్ దగ్గర రికార్డింగ్ షాపుకి పోయి ఒక 60 నిమిషాల ఖాళీ క్యాసెట్ కొనిచ్చి రెండ్రోజులాగి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలకి ఇది చెప్తే ఏదో రాజుల కాలం కథలా వింటున్నారు. సైడుకి 30 నిమిషాలు. ఆ షాపాయన మా లిస్టులో వరస పట్టించుకోకుండా తన లెక్కలో పాటలు సర్దేవాడు, 'ఎ' సైడు చివర ఇది పడింది.

ఇంగ్లీషు అంతంతమాత్రం. నాది పదో తరగతి వరకూ తెలుగు మీడియం. అయినా ఈ పాట నాకు మొదటిసారే అర్థమైపోయింది, కనీసం అర్థమైందనుకున్నా. ఎందుకంటే అది చందమామ కథ. బాటసారి ఒకడు చీకట్లో పోతున్నాడు, తల బరువెక్కింది, చూపు ఆనడం లేదు, దూరంగా దీపం కనబడింది, గుమ్మంలో ఒకావిడ దీపం పట్టుకుని దారి చూపించింది, లోపల విందు, ఆట, పాట, తెల్లారి పోదామంటే తలుపు దొరకదు. చిన్నప్పుడు ఇలాంటి పూటకూళ్ళింటి కథలు ఎన్ని విన్నాం! దానికి కాలిఫోర్నియా అని పేరు పెట్టారంతే.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా అమ్మమ్మకి ఇదే చెప్పాను. పాట అని చెప్పలేదు, కథ అనే చెప్పాను. అరిసెలకి పిండి జల్లిస్తూ వింటోంది. మొత్తం విని, "ఆ లోపల తిన్నాడేటి?" అంది. విందు జరిగింది అమ్మమ్మా, తినే ఉంటాడు అన్నాను. "మరింకేటి. ఆళ్ళింట ముద్ద ముట్టినోడు బయటికెలా ఎల్తాడ్రా" అని జల్లెడ మళ్ళీ తట్టడం మొదలుపెట్టింది. అంతకు మించి ఆమెకి అందులో మిస్టరీ ఏం కనపడలేదు. తర్వాత పాతికేళ్ళలో ఈ పాట అర్థం గురించి నేను చదివినవీ విన్నవీ లెక్కలేనన్ని ఉన్నాయి గానీ ఒక్కటీ దీన్ని దాటలేదనే నా అభిప్రాయం.

డాక్టర్ గాడి వ్యాఖ్యానం వేరు. పాట మొదట్లోనే గాల్లో వెచ్చగా ఏదో వాసన వస్తోంది అంటాడు కదా, ఆ మాట మాకు ఎంత విన్నా 'కొలైటిస్' అనే వినబడేది. అది పెద్ద పేగు వాపు, అందులో వాసన సహజమే అని వాడు మెడికల్ పుస్తకం తెచ్చి మరీ చూపించాడు. ఆ రోజు నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తు, కిందింటి ఓనరు పైకొచ్చి తిట్టి వెళ్ళాడు. అసలు మాట కొలీటాస్. స్పానిష్ లో చిన్న తోకలని, మెక్సికో వాడుకలో గంజాయి మొగ్గలని చాన్నాళ్ళకి తెలిసింది. వైజాగ్ వాళ్ళం, ఆ వాసన మాకొకళ్ళు చెప్పాలా, కానీ పదం తెలీలేదు.

ఇక ఆ మిగిలిన రెండు నిమిషాల సంగతి. 97 వేసవి ముందనుకుంటా, తుని వాళ్ళ అన్నయ్యతో ఫోన్లో మాట్లాడుతూ వాడు హోటల్ కాలిఫోర్నియా సూపర్ అన్నయ్యా అంటే, ఆయన "సోలో ఎలా ఉంది, ఆ చివర గిటార్లు రెండూ?" అన్నాట్ట. వీడు గదికొచ్చి, ఒరేయ్ చివర గిటార్లంట, ఉన్నాయేంట్రా మనదాంట్లో అన్నాడు. మళ్ళీ పెట్టాం. టక్. మర్నాడు షాపుకి పోయి గొడవకి దిగాం. ఆయన తాపీగా చెప్పిన మాట నేను ఈ జన్మలో మర్చిపోను: "మాటలన్నీ వచ్చేసేయి కదమ్మా, ఆ తర్వాతది ఉట్టి మ్యూజిక్కే." సైడు అయిపోయింది, మాటలు పోలేదు, కాబట్టి పాట పూర్తే.

అప్పుడు ఒళ్ళు మండింది గానీ తర్వాత చదివితే అమెరికాలో రికార్డు కంపెనీ వాళ్ళూ ఇంచుమించు ఇదే అన్నారు, సింగిల్ గా, అంటే విడిపాట రికార్డుగా, వదలాలంటే ఆరున్నర నిమిషాలు మరీ పొడుగు, రేడియో వాళ్ళు వెయ్యరు, కోయండి అని. బ్యాండులో డ్రమ్స్ వాయిస్తూ ఈ పాట పాడిన డాన్ హెన్లీ కొయ్యనన్నాడు, ఈగిల్స్ వాళ్ళు పట్టుబట్టారు, అది 1977 మే నెలలో అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ లో మొదటి స్థానానికి వెళ్ళింది. మా జగదాంబ షాపాయన అమెరికాలో పుట్టుంటే ఆ కంపెనీలో మంచి పొజిషన్ లో ఉండేవాడు.

మళ్ళీ రికార్డింగ్ చేయించడానికి నెలాఖరు, డబ్బుల్లేవు. అప్పుడు అన్నయ్యే ఐడియా ఇచ్చాడు. రాత్రి 11 దాటాక ఎస్టీడీ పావు చార్జీ కదా, అప్పుడు చెయ్యండి, నా దగ్గర ఒరిజినల్ క్యాసెట్ ఉంది, ఫోన్లో వినిపిస్తా అని. నలుగురం బూత్ లోకి దూరాం. ఒక్క రిసీవరు, నాలుగు చెవులు, అద్దాల తలుపు వేస్తే ఊపిరాడదు, తీస్తే బీచ్ రోడ్డు మీద పోయే లారీల మోత, పైన ఎర్ర అంకెలు గిరగిరా పెరిగిపోతున్నాయి. అటు నుంచి ఆయన "ఉండండి, పెడుతున్నా" అన్నాడు. నా వంతు వచ్చేసరికి నాకు వినబడింది ఏంటంటే డబ్బాలో తుమ్మెద దూరి కొట్టుకుంటున్నట్టు ఒక జుయ్యిమనే శబ్దం, కాసేపటికి ఆ తుమ్మెదలు రెండయ్యాయి, ఒకటి అడుగుతుంటే ఇంకోటి చెప్తున్నట్టు, చివరికి రెండూ కలిసి మెట్లు దిగుతున్నట్టు. అంతే విన్నాను. మెస్ లో నాలుగు భోజనాల డబ్బు అయింది బిల్లు. తుని గాడు మాత్రం పూనకం వచ్చినవాడిలా రోడ్డు మీద నోటితో వాయించుకుంటూ నడిచాడు.

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ పాట పుట్టిన కథ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. ట్యూన్ కట్టింది బ్యాండులో గిటారిస్టు డాన్ ఫెల్డర్. మాలిబులో సముద్రం ఒడ్డున అద్దె ఇంట్లో కూర్చుని 12 తీగల గిటార్ మీద అల్లుకుని, ఇంట్లోనే ఒక డెమో క్యాసెట్ చేసి, మిగతావాళ్ళకి ఇచ్చాడు. దానికి వాళ్ళు తాత్కాలికంగా పెట్టుకున్న పేరు మెక్సికన్ రెగే. మాటలు హెన్లీ, గ్లెన్ ఫ్రై. ఏడాది గడిచాక మయామీలో క్రైటీరియా స్టూడియోలో చివరి గిటార్ భాగం రికార్డు చేస్తుంటే ఫెల్డర్, ఇంకో గిటారిస్టు జో వాల్ష్ ఇద్దరూ అప్పటికప్పుడు ఏదో అల్లుకుంటూ పోతున్నారట. హెన్లీ ఆపేశాడు. అలా కాదు, డెమోలో ఉన్నది ఉన్నట్టు కావాలి అన్నాడు. డెమోలో ఏం వాయించాడో ఫెల్డర్ కే గుర్తు లేదు. క్యాసెట్టేమో మాలిబులో ఇంట్లో ఉంది. చివరికి ఇంట్లో పనావిడకి ఫోన్ చేసి, ఆ క్యాసెట్ వెతికించి, టేప్ రికార్డర్ లో పెట్టించి, రిసీవరు దాని పక్కన పట్టుకోమని, ఇటు మయామీలో ఫోన్లోంచి వచ్చింది రికార్డు చేసుకుని, దాన్ని విని నేర్చుకుని వాయించాడు. ఆ కొసన అమెరికా, ఈ కొసన ఎంవీపీ కాలనీ ఎస్టీడీ బూత్. ఆయనకీ మొదట తుమ్మెదే వినబడి ఉంటుంది. తుని గాడికి ఇది ఫోన్ చేసి చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే మనం విన్నదే ఒరిజినల్ రా" అన్నాడు.

ఇంకో సంగతి కూడా. మా టేపుని షాపాయన ఒక్కచోటే కోశాడు. అసలు మాస్టర్ టేపులో నిర్మాత బిల్ సిమ్‌జిక్ 33 చోట్ల కోసి అతికించాడు. పాట మొత్తం మూడుసార్లు రికార్డు చేశారు, మొదటిది శ్రుతి ఎక్కువైపోయి హెన్లీ గొంతుకి అందలేదు, ఇ మైనర్ నుంచి బి మైనర్ కి దించారు. తర్వాత ఒక్కో టేక్ లో బాగున్న ముక్క తీసి జోడించారు. పైగా అప్పుడు అదే స్టూడియోలో పక్క గదిలో బ్లాక్ సబ్బత్ అనే ఇంకో బ్యాండు వాళ్ళ రికార్డింగ్, ఆ మోత గోడలోంచి వచ్చి వీళ్ళ టేక్ లు పాడయ్యేవట. అలా అతుకుల బొంతే గానీ వింటే ఒక్క కుట్టు కనబడదు, వాడి పనితనం అది.

సాలూరు గాడు సెకండ్ హ్యాండ్ గిటార్ కొన్నాడు థర్డియర్ లో. ఫెల్డర్ స్టేజీ మీద వాయించేది రెండు మెడల గిబ్సన్, మాది ఒంటి మెడ గివ్‌సన్, కలకత్తా సరుకు, ఒక్క అక్షరమే తేడా అని చెప్పుకు తిరిగేవాళ్ళం. ఈ పాట కార్డుల, అంటే గిటార్ మీద తీగలు నొక్కే పట్టుల, జిరాక్స్ కాగితం ఎవరి దగ్గర్నుంచో వచ్చింది, ఎన్నో తరం జిరాక్సో, సగం అక్షరాలు తేలిపోయి ఉన్నాయి. బి మైనర్, ఎఫ్ షార్ప్, ఎ, ఇ, జి, డి, ఇ మైనర్, మళ్ళీ ఎఫ్ షార్ప్. ఎనిమిది. వరసగా చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. మొదటి రెండే చూపుడు వేలు అడ్డంగా ఆరు తీగల మీదా పరిచి నొక్కాల్సినవి, మనకి గోడ ఎక్కకముందే కాలు జారిపోయింది. వేళ్ళకి ఫెవికాల్ రాసుకుంటే నొప్పి తెలీదని ఎవడో చెప్తే అదీ చేశాం.

తర్వాత ఒక సీనియర్ చెప్పాడు, రికార్డులో కూడా కేపో పెట్టే వాయించార్రా, ఏడో మెట్టు మీద పెడితే ఇ మైనర్ పట్టుకి బి మైనర్ మోగుతుంది, చేతికీ సులువు, ఆ గలగలా కూడా అప్పుడే వస్తుంది అని. కేపో అంటే తీగలన్నీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్పు. మాకెక్కడిది! నటరాజ్ పెన్సిలు ఏడో మెట్టు మీద అడ్డంగా పెట్టి, మెడ వెనక నుంచి రెండు రబ్బరు బ్యాండ్లు మెలేసి బిగించాం. పలికింది. నిజంగా పలికింది. మొదటి తీగ కొంచెం బుస కొట్టేది గానీ ఆ రాత్రి సాలూరు గాడు ఆ ఎనిమిది కార్డులూ వేళ్ళతో మీటుతూ నాలుగు రౌండ్లు ఆగకుండా తిప్పేసరికి మా డాబా మీద నిజంగా ఎడారి చల్లగాలి తోలింది, సముద్రం అరకిలోమీటరులో పెట్టుకుని ఎడారి గాలేంట్రా అనకండి, తోలింది.

98లో లాసన్స్ బే కాలనీలో ఒక క్లాస్‌మేట్ ఇంట్లో వీసీడీ చూసినప్పుడు మళ్ళీ ఇంకో గొడవ. 1980లో విడిపోయిన ఈగిల్స్ 1994లో ఎంటీవీ కోసం మళ్ళీ కలిశారు కదా, ఆ కచేరీ. నరకం గడ్డకట్టినప్పుడు కలుస్తాం అని హెన్లీ ఎప్పుడో అన్నాడని దానికి హెల్ ఫ్రీజెస్ ఓవర్ అనే పేరు పెట్టారు. వరసగా స్టూళ్ళ మీద కూర్చున్నారు, మన కచేరీ వాళ్ళు మేజోళ్ళు వేసుకుంటే ఇలాగే ఉంటారేమో అన్నట్టు. ఫెల్డర్ చేతిలో నైలాన్ తీగల గిటారు. ఏదో స్పానిష్ ఆలాపన మొదలైంది. ఎంతసేపటికీ ఏ పాటో తెలీదు. కింద నుంచి గుండె కొట్టుకున్నట్టు డ్రమ్ము. అప్పుడు ఆ ఎనిమిది కార్డుల్లో మొదటిది పడగానే జనం ఒక్కసారిగా హోరెత్తారు, మన ఊళ్ళో ఆర్కెస్ట్రావాడు ఘంటసాల పాట ముందు బిట్ ఎత్తుకోగానే ముందు వరసలో పెద్దాళ్ళు ఈల వేసినట్టు.

నాకు నచ్చలేదు. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గేస్తుంది గానీ అప్పుడు తుని, నేను ఒక పార్టీ, మిగతా ఇద్దరూ ఇంకో పార్టీ. కరెంటు గిటార్లు లేకుండా ఇదేం పాట, దెయ్యాల కొంపకి తీసుకెళ్ళి కొబ్బరి నీళ్ళిచ్చినట్టుంది అని మేము. వాళ్ళేమో, అసలు పాటంటే ఇదే, మీదాంట్లో చివర లేనేలేదుగా అని ఎత్తిపొడుపు. తమాషా ఏంటంటే మన దేశంలో మా వయసువాళ్ళలో ఎక్కువమందికి ఈ 94దే అసలు పాట. కేబుల్ టీవీలో ముందు అదే చూశారు. 76లో వచ్చిన ఆల్బమ్ ది ఎప్పుడైనా విని, ఇదేంటి ముందు ఆలాపన ఏది, ఎవరో కాపీ కొట్టినట్టున్నారే అన్నవాళ్ళు నాకే ఇద్దరు తెలుసు. ఇక 2003లో హైదరాబాద్ లో మొదటి జీతాలు కూడబెట్టి స్పీకర్లు కొందామని ఏ షాపుకెళ్ళినా కుర్రాడు అదే డిస్క్ పెట్టి ఆ డ్రమ్ము దెబ్బ దగ్గర మన మొహం చూసేవాడు, సార్ బేస్ చూడండి అని. పెళ్ళిచూపుల్లో ఉప్మాలాగా అయిపోయింది పాట. మొత్తానికి ఆ దెబ్బకి లొంగి స్పీకర్లూ కొన్నాను, ఆ వెర్షనుకీ లొంగాను.

ఇంకా ఎన్ని రూపాలు చూశాను. జిప్సీ కింగ్స్ అని దక్షిణ ఫ్రాన్స్ వాళ్ళు, 1990లో స్పానిష్ లో పాడారు, చప్పట్లతో గిటార్లు బాదుతూ, అది విన్నాక ఈ పాట పుట్టిల్లు అక్కడేనేమో, అమెరికా వాళ్ళు పెంచుకున్నారేమో అనిపిస్తుంది. 2011లో ఫ్రాంక్ ఓషన్ అనే కుర్రాడు ఒరిజినల్ మ్యూజిక్ అలాగే ఉంచి పైన తన మాటలు పాడితే హెన్లీకి బాగా కోపమొచ్చింది. నాకు ఆ కోపం అర్థమైంది గానీ పూర్తిగా ఒప్పుకోలేను, ఎందుకంటే ఈ కార్డుల వరసకి దగ్గరగా ఉన్నది జెత్రో టల్ అనే బ్యాండు వాళ్ళు 1969లోనే పాడారు, వాళ్ళతో కలిసి ఈగిల్స్ మొదట్లో టూర్ కూడా చేశారు. అప్పటికి ఫెల్డర్ బ్యాండులోనే లేడనుకోండి. టల్ నాయకుడు ఇయాన్ ఆండర్సన్ దాన్ని దొంగతనం అనలేదు, నవ్వి ఊరుకున్నాడు. పెద్దరికం అంటే అదీ.

అర్థాల సంగతి చెప్పక్కర్లేదు. సైతాను గుడి అన్నారు, ఆల్బమ్ అట్ట లోపలి బొమ్మలో కిటికీ దగ్గర నిలబడింది సైతాను పూజారే అన్నారు, పిచ్చాసుపత్రి అన్నారు, మత్తుమందు అన్నారు. మా హాస్టల్ బ్యాచ్ లో ఒకడు భూతద్దం పట్టుకుని క్యాసెట్ అట్ట మీద ఆ మనిషి కోసం వెతికాడు, అదీ జిరాక్స్ అట్ట. హెన్లీ మాత్రం అడిగినప్పుడల్లా అమాయకత్వం నుంచి అనుభవంలోకి ప్రయాణం అంటాడు, అమెరికా కలలో చీకటి వైపు, లాస్ ఏంజిలిస్ లో తాము చూసిన విచ్చలవిడితనం అంటాడు. సరే.

2009లో ఆఫీసు పని మీద మూడు నెలలు కాలిఫోర్నియా వెళ్ళాను. తుని వాళ్ళ అన్నయ్య అప్పటికే ఫ్రీమాంట్ లో స్థిరపడ్డాడు, స్థిరపడ్డాడంటే గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాడు. శనివారం వాళ్ళింట్లో తలో వంటకం తెచ్చే పాట్‌లక్ విందు, గోంగూర నుంచి బొబ్బట్ల దాకా బల్ల నిండా గిన్నెలు, ఎవరో పాట పెట్టారు, వెంటనే ఒకాయన "వెళ్ళొచ్చు గానీ వెళ్ళలేం, మన వీసా గురించే రాశార్రా" అన్నాడు. ఆ మూడు నెలల్లో ఆ జోకు నలుగురి నోట విన్నాను. నాలుగోసారి కూడా అందరూ నవ్వారు.

అన్నయ్య నవ్వలేదు. గిన్నెలు కడుగుతూ నాతో ఒక సంగతి చెప్పాడు, నేనప్పటిదాకా గమనించనిది. ఆ రికార్డులో వాయించిన అయిదుగురిలో ఒక్కడు కూడా కాలిఫోర్నియా వాడు కాదు. హెన్లీది టెక్సస్ లో చిన్న ఊరు, ఫ్రై డెట్రాయిట్, ఫెల్డర్ ఫ్లోరిడా, బేస్ వాయించిన రాండీ మైస్నర్ నెబ్రాస్కా రైతు బిడ్డ, వాల్ష్ పుట్టింది కాన్సాస్ లో. అందరూ బతుకుదెరువుకి వచ్చినవాళ్ళే. రాత్రిపూట ఎడారి రోడ్డు మీద కారులో వస్తుంటే ఊరు రావడానికి ఎంతో ముందే ఆకాశంలో లాస్ ఏంజిలిస్ దీపాల వెలుగు కనబడుతుంది, ఆ చూపే పాట మొదట్లో ఉన్నది. "నేను మొదటిసారి బేకర్స్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చినప్పుడు సరిగ్గా అదే చూశాన్రా, భయమేసింది" అన్నాడు. ఇంకేం అనలేదు, గిన్నె తుడిచి పెట్టాడు.

వచ్చే ముందు బెవర్లీ హిల్స్ హోటల్ చూడ్డానికెళ్ళాను. ఆల్బమ్ అట్ట మీద ఉన్నది అదే, పొద్దుగూకే వేళ, తాటిచెట్లలాంటి పొడవాటి చెట్ల వెనక గోపురాలు. సన్‌సెట్ బులెవార్డ్ పేవ్‌మెంట్ మీద నిలబడి ఎంత మెడ సాచినా ఆ బొమ్మ కనపడదు. చెట్లడ్డం. ఫోటో తీసినాయన డేవిడ్ అలెగ్జాండర్ చెర్రీ పికర్ ఎక్కి, అదే మన కరెంటు వాళ్ళు స్తంభాల దీపాలు బాగుచేసే తొట్టి బండి, దాని మీద నిలబడి తీశాడు. కింద నుంచి చూసేవాడికి ఆ హోటల్ లేదన్నమాట. గులాబీ రంగు గోడ ముక్క ఒకటి ఫోటో తీసుకుని వచ్చేశాను.

ఫెల్డర్ ని 2001లో బ్యాండులోంచి తీసేశారు. ట్యూన్ కట్టినవాణ్ణి! కోర్టుకెక్కాడు, తర్వాత బయట రాజీ అయ్యారు. ఆయన తన పాట తను వేరే వాయించుకుంటున్నాడు, వాళ్ళు వాళ్ళది వాళ్ళు. 2016 జనవరిలో గ్లెన్ ఫ్రై పోయాడు, కొడుకు వచ్చి ఆ చోట నిలబడి పాడాడు. హెన్లీ చేత్తో రాసుకున్న పాటల కాగితాల మీద న్యూయార్క్ లో కేసు నడిచి 2024 మార్చిలో మధ్యలోనే కొట్టేశారు, ఓ వంద పేజీలట, కొట్టివేతలతో సహా. మా జిరాక్స్ కాగితం ఎవరు పారేశారో.

పోయిన దసరాకి మా మేనల్లుణ్ణి కారులో భీమిలి తీసుకెళ్తున్నాను. ఇంజనీరింగ్ ఫస్టియర్, మంచి ఎలక్ట్రిక్ గిటారుంది, వేళ్ళు బ్రహ్మాండంగా పరిగెడతాయి. హోటల్ కాలిఫోర్నియా తెలుసా అంటే "అయ్యో మావయ్యా, ఆ సోలో నోట్ టు నోట్ వచ్చు" అన్నాడు. నోటితో వాయించి చూపించాడు కూడా, రెండు గిటార్లూ కలిసి మెట్లు దిగే చోటుతో సహా. మరి పాట? పాట ఏంటి అన్నాడు. రీల్స్ లో, గిటార్ పాఠాల్లో చూసింది ఆ రెండు నిమిషాలే. ముందు మాటలున్నాయని తెలుసు గానీ ఎప్పుడూ పెట్టుకుని వినలేదు. నేను బండి పక్కకి ఆపి వాడి మొహంలోకి చూశాను. నా దగ్గర లేనిది మొత్తం వాడి దగ్గర ఉంది, వాడి దగ్గర లేనిది మొత్తం నా దగ్గర.

పెట్టాను, 76దే. రుషికొండ దాటేటప్పటికి బాటసారికి దీపం కనబడింది. వాడు ఫోన్ చూసుకుంటూ వింటున్నాడు, తర్వాత ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. విందు దగ్గర, కత్తులతో పొడుస్తారు గానీ ఆ మృగాన్ని చంపలేరు అనే చోట, ఇదేంటి మావయ్యా హారరా అన్నాడు. కాపలావాడి మాట అయింది. డ్రమ్ము మీద రెండు దెబ్బలు. ఇన్నేళ్ళయినా నాకు అక్కడ వేలు టక్ కోసం ఎదురు చూస్తుంది, స్టీరింగ్ మీద దానంతటదే లేచింది. వాడు సీట్లో ముందుకి వంగి "ఆ! ఇదే, ఇదే" అని గాల్లో వేళ్ళు కదపడం మొదలుపెట్టాడు, రెండు నిమిషాలూ మాట్లాడలేదు.

అయిపోయాక అడిగాడు, "ఇంతకీ వాడు బయటికొచ్చాడా లేదా?"

లోపల తిన్నాడు కదరా అన్నాను.